చైనీస్ అక్షరాల్లో ఏ గీత ముందు? పెట్టె ఎప్పుడు మూయాలి?

గంటస్తంభం (విజయనగరం):
మెడిసిన్‌కి చైనా వెళ్లేలోపు అక్షరాలు రాయడం పట్టుబడాలని చూస్తున్నాను. దగ్గర్లో నేర్పేవాళ్లు లేరు, ఫోనే దిక్కు. అక్షరం చూడ్డానికి పుస్తకంలో ఉన్నట్టే వస్తోంది. చేతిరాత కీబోర్డులో కాస్త వేగంగా రాస్తే మాత్రం ఇంకేదో చూపిస్తోంది, ముఖ్యంగా ‘నోరు’, ‘పొలం’, ‘దేశం’ లాంటి పెట్టె అక్షరాలకి. ఆకారం సరిగ్గా ఉంటే చాలదా? ఎలాంటి నోటుబుక్కులో రాయాలి?

నాగావళి (శ్రీకాకుళం):
చాలదండీ. ఆ కీబోర్డులు చాలామటుకు గీతల వరసనీ, పెన్ను ఎక్కడ ఎత్తారన్నదాన్నీ కూడా చూస్తాయి. వేగంలో ఆకారం చెదిరిపోయినప్పుడు వాటికి వరసే ఆధారం.

‘నోరు’ (కౌ) తీసుకోండి. చూపుకి నాలుగు భుజాలు, రాతకి మూడే గీతలు. ముందు ఎడమ నిలువు, పైనుంచి కిందికి. పెన్ను ఎత్తి పై అడ్డం మొదలుపెట్టాలి, కుడి మూలలో ఒక్క క్షణం ఆగి, ఎత్తకుండానే కిందికి మడవాలి. ఆ అడ్డమూ మడతా కలిపి ఒకటే గీత. ఆఖరికి అడుగు, ఎడమనుంచి కుడికి. తెలుగు రాతకి అలవాటైన చెయ్యి సున్న చుట్టినట్టు నాలుగు వైపులా ఒకే ఊపులో తిప్పేస్తుంది. మూలలు గుండ్రమైపోతాయి, అడుగు గీత కుడినుంచి ఎడమకి పోతుంది. ఫోను తడబడేది అక్కడే.

‘పొలం’ (టియన్) ఐదు గీతలు: ఎడమ నిలువు, మడత, లోపలి అడ్డం, లోపలి నిలువు, చివర అడుగు. ‘దేశం’ (గువో) ఎనిమిది. పెట్టెకి మొదటి రెండు గీతలు వేసి, లోపల ‘పచ్చరాయి’ (యు) అక్షరం ఐదు గీతలూ నింపాలి: అడ్డం, అడ్డం, నిలువు, అడ్డం, చుక్క. అప్పుడు మూయాలి. ముందే మూసేస్తే లోపల చోటు చాలక మూడు అడ్డాలూ ఒకదాన్నొకటి అంటుకుంటాయి, చుక్కకి జాగా మిగలదు.

వంశధార:
పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి, అడ్డం తర్వాతే నిలువు: ఈ మూడింటితో చాలా అక్షరాలు గట్టెక్కుతాయి. లొంగనివాటి మీదే శ్రద్ధ పెట్టండి. ‘చిన్న’ (షియావో) లో నడిమి కొక్కెం నిలువు ముందు, తర్వాత ఎడమ, కుడి. ‘ఇది’ (జ) లో నడకని సూచించే భాగం ఎడమవైపు ఉన్నా ఆఖర్నే రాయాలి. ‘స్త్రీ’ (ను) లో అడ్డం మూడో గీత. ఇక ‘తొమ్మిది’ (జియు), ‘బలం’ (లి) చూడండి. రెండింట్లోనూ రెండేసి గీతలే, ఒకటి ఎడమకి జారేది, ఒకటి మడత. తొమ్మిదిలో జారుగీత ముందు, బలంలో మడత ముందు. ఈ జంటని కంఠతా పట్టాల్సిందే.

వీడియో చూసేటప్పుడు అది చైనాదో జపాన్‌దో చూసుకోండి. ‘కుడి’ అక్షరం చైనాలో అడ్డంతో మొదలవుతుంది, జపాన్‌లో జారుగీతతో. చైనాలో 2021 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న ప్రమాణం 8,105 అక్షరాలకి వరస ఇచ్చింది. మీకు కావలసింది అదే.

గంటస్తంభం:
చాలా థ్యాంక్సండీ. దిద్దేవాళ్లు లేనప్పుడు తప్పు ఎలా తెలుస్తుంది?

నాగావళి:
ఫోనులో చైనీస్ స్ట్రోక్ కీబోర్డు జోడించండి. చేతిరాతది కాదు, ఐదు మీటలుండేది: అడ్డం, నిలువు, జారుగీత, చుక్క, మడత. కొక్కెం ఉన్న నిలువుకి నిలువు మీటే, కుడికి జారే గీతకి చుక్క మీటే. ‘దేశం’ కోసం నిలువు, మడత, అడ్డం, అడ్డం, నిలువు, అడ్డం, చుక్క, అడ్డం నొక్కండి. వరస తప్పితే అక్షరం జాబితాలోంచి పోతుంది. కాగితం మీద రాసిన ప్రతి కొత్త అక్షరాన్నీ ఇలా ఒకసారి నొక్కి చూడండి, ఎన్నో గీత దగ్గర తేడా వచ్చిందో కూడా తెలిసిపోతుంది.

నోటుబుక్కుకి చైనా నుంచి ఏమీ తెప్పించక్కర్లేదు. చిన్నపిల్లల లెక్కల గళ్ల నోటుబుక్కు తీసుకుని, నాలుగు గళ్లు, అంటే రెండు బై రెండు, కలిపి ఒక అక్షరానికి వాడండి. మధ్యలో వచ్చే అడ్డగీతా నిలువుగీతా అక్కడి పిల్లల కాపీ పుస్తకంలో ఉండే కూడలి గీతల పనే చేస్తాయి. ‘పొలం’ లోపలి నిలువు సరిగ్గా ఆ మధ్యగీత మీద పడాలి. లైనుకి ఒకే అక్షరం రాయండి, కానీ మూడోసారి నుంచి నమూనా మూసేయండి. చూసి దించుతూ పేజీ నింపితే వరస చేతికి ఎక్కదు. పెన్సిల్ మంచిది. బాల్‌పెన్ను జారిపోతుంది, మడత మూలలో ఆగడం చేతికి అలవాటవ్వదు.