భయం మధ్య ఓటు: 1999లో తూర్పు తిమోర్ రెఫరెండం వాయిదా వెయ్యాల్సిందా?

పాతపేపర్

మొన్న పాపువా న్యూ గినీలోని బోగన్‌విల్ దీవుల గురించి మాట్లాడుకుంటుంటే ఒకాయన "రెఫరెండం పెడితే ఊళ్ళు తగలబడతాయి, తూర్పు తిమోర్ చూశాం కదా" అని ఒక ముక్క వేసి వెళ్ళిపోయారు. బోగన్‌విల్‌లో 2019లో ప్రశాంతంగా ఓటు జరిగి దాదాపు 98 శాతం స్వాతంత్ర్యానికే వేశారు కాబట్టి ఆ మాట అక్కడ అతకదు. కానీ తిమోర్ సంగతి విడిగా మాట్లాడుకోవాల్సిందే అనిపించి ఇది మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. అది పోర్చుగల్ వలస. 1975 డిసెంబర్ 7న ఇండోనేషియా సైన్యం దిగి, మరుసటి ఏడాది దాన్ని తన 27వ రాష్ట్రంగా కలిపేసుకుంది. 1998 మేలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాక వచ్చిన హబీబీ, 1999 జనవరిలో ఉన్నట్టుండి "స్వయంప్రతిపత్తి ఇస్తాం, అది వద్దంటే మీ దారి మీది" అన్నాడు. మే 5న ఇండోనేషియా, పోర్చుగల్, ఐక్యరాజ్యసమితి న్యూయార్క్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఓటు నిర్వహించేది సమితి. ఆగస్టు 30న పోలింగ్ జరిగింది.

ఈలోపు అక్కడ నడిచింది చూడండి. ఏప్రిల్ 6న లికిసాలో చర్చి దగ్గర తలదాచుకున్న జనం మీద బెసి మెరా పుతి అనే ఇండోనేషియా అనుకూల మిలీషియా పడి నరికింది, పోలీసులూ సైనికులూ అక్కడే ఉన్నారు. ఏప్రిల్ 17న రాజధాని డిలిలో ఐతారక్ ముఠా నాయకుడు యూరికో గుటెరెస్ పట్టపగలు గవర్నర్ ఆఫీసు ముందు ర్యాలీ పెట్టి రెచ్చగొట్టాడు, అక్కణ్ణించి కదిలిన గుంపు స్వాతంత్ర్యం కోరే నాయకుడు మాన్యుయెల్ కరస్కలావ్ ఇంటి మీద పడి, ఆ ఇంట్లో ఆశ్రయం తీసుకున్నవాళ్ళనీ ఆయన కొడుకునీ చంపేసింది. ఇదంతా ఒప్పందం మీద సంతకాలకు ముందే. అయినా సంతకం పెట్టారు, తేదీ కూడా పెట్టారు. ఫలితం వచ్చాక ఏం జరిగిందో అందరికీ తెలుసు: ఆ ఏడాది మొత్తం మీద 1,400 మంది దాకా చనిపోయారని అంచనా, దేశంలో సగానికి పైగా కట్టడాలు బూడిద.

నా అభిప్రాయం: ఓటు వాయిదా వెయ్యాల్సింది. జనం ప్రాణాలకు పూచీ ఇవ్వలేనప్పుడు వాళ్ళని లైన్లో నిలబెట్టే హక్కు సమితికి లేదు.

గోదారిగట్టు

పాతపేపర్ గారూ, వాయిదా వెయ్యలేదని ఎవరన్నారండీ? మొదట అనుకున్నది ఆగస్టు 8. జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వెనక్కి జరిపాడు, అందులో భద్రత బాగాలేదన్నది కూడా ఒక కారణమే. ఓటర్ల నమోదు కూడా ఆలస్యంగానే జూలై 16న మొదలైంది.

ఇంకా ఎంతకాలం జరపాలి? మీరు జకార్తా వైపు చూడట్లేదు. 1999 జూన్ ఎన్నికల్లో మొదటి స్థానంలో వచ్చింది మెగావతి పార్టీ, ఆవిడకి తిమోర్ విడిపోవడం ససేమిరా ఇష్టం లేదు. సైన్యానికి ఎటూ ఇష్టం లేదు. ఆ మాట ఇచ్చిన హబీబీ అక్టోబర్‌లో పదవి పోగొట్టుకున్నాడు, 20వ తేదీకల్లా వాహిద్ అధ్యక్షుడైపోయాడు. అంటే ఆగస్టు 30కీ, ఆ ప్రతిపాదన తెచ్చిన మనిషి ఇంటికి పోవడానికీ మధ్య రెండు నెలలు కూడా లేవు. "పరిస్థితి చక్కబడ్డాక చూద్దాం" అని ఉంటే ఇప్పటికీ చూస్తూనే ఉండేవాళ్ళు. మిలీషియాకి కావలసింది కూడా అదే కదా, గొడవ చేస్తే ఓటు ఆగిపోతుందని తెలిస్తే గొడవ ఎందుకు ఆపుతారు?

శీను_నెల్లూరు

గోదారిగట్టు అన్న చెప్పిందే కరెక్ట్. గూండాకి భయపడి పోలింగ్ ఆపితే ఇక ప్రతి ఎన్నికకీ గూండానే తేదీ పెడతాడు.

కాగితంపులి

మీ ఇద్దరూ తేదీ దగ్గరే కొట్టుకుంటున్నారు, నాకైతే గొడవంతా మే 5 కాగితంలోనే కనపడుతుంది. ఆ ఒప్పందంలో భద్రత ఎవరికి అప్పగించారో చూడండి: ఇండోనేషియాకి, వాళ్ళ పోలీసులకి. ఏ సైన్యమైతే ఆ ముఠాలకి తుపాకులిచ్చి పెంచిందో ఆ ప్రభుత్వానికే. సమితి తరఫున వెళ్ళింది 280 మంది దాకా సివిల్ పోలీసులు, 50 మంది సైనిక సంధానకర్తలు, ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. జూన్ 29న మలియానాలో సమితి ఆఫీసు మీదే రాళ్ళతో పడ్డారు, వీళ్ళు చేయగలిగింది గాయపడినవాళ్ళకి కట్లు కట్టడం, న్యూయార్క్‌కి రిపోర్టు రాయడం. దొంగ చేతికే తాళం చెవి ఇచ్చి, పక్కన ఓ పుస్తకం పట్టుకుని కూర్చుని ఏమేం పోయాయో రాసుకోవడం అంటే ఇదే.

"ఇండోనేషియా విదేశీ సైన్యానికి ఒప్పుకోదు, బలవంతం చేస్తే రెఫరెండమే ఉండదు" అనేది అప్పటి దౌత్యవేత్తల సమాధానం. సరే. మరి సెప్టెంబర్‌లో ఎలా ఒప్పుకుంది? 9న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సైనిక సంబంధాలు నిలిపేస్తున్నామన్నాడు, ఐఎంఎఫ్ అప్పు మీద కూడా ఒత్తిడి పెరిగింది, 12న హబీబీ సరే అన్నాడు, 15న భద్రతా మండలి 1264 తీర్మానం చేసింది, 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో దళాలు దిగాయి. ఊళ్ళు తగలబడ్డాక పది రోజుల్లో అయిన పని ఏప్రిల్‌లో, లికిసా శవాలు కళ్ళముందు ఉన్నప్పుడు, ఎందుకు మొదలుపెట్టలేదు? అప్పట్లో ఆర్థిక సంక్షోభంతో ఇండోనేషియా అప్పుల మీదే బతుకుతోంది, ఒత్తిడి పెట్టాలంటే అంతకంటే మంచి సమయం లేదు. పెద్ద దేశాలకి జకార్తాతో చెడటం ఇష్టం లేక వదిలేశాయి, అంతే.

పాతపేపర్

ఇదే కదండీ నేనంటున్నదీ. భద్రత ఏర్పాటు లేదు కాబట్టి ఓటు వద్దు.

కాగితంపులి

కాదు. భద్రత ఏర్పాటు లేదు కాబట్టి భద్రత ఏర్పాటు చెయ్యాలి. రెండూ ఒకటి కాదు.

డార్విన్‌లో_మనోడు

నేను ఉండేది ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో, ఇక్కడ తిమోర్ వాళ్ళు బాగానే ఉన్నారు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉంటారు, నన్ను కొడుకులా చూస్తారు, అప్పుడప్పుడూ ఆ రోజుల గురించి చెబుతారు. ఆవిడకి ఈ "వాయిదా వెయ్యాల్సిందా" అనే ప్రశ్న వేస్తే నవ్వుతారు. ఇరవై నాలుగేళ్ళు వాయిదా పడిందే కదా అంటారు.

ఆవిడ చెప్పేదేంటంటే, పోలింగ్ ముందు వారాల్లో ఇంటి ముందు ఎరుపు తెలుపు ఇండోనేషియా జెండా కట్టకపోతే అనుమానమే. కాబట్టి అందరూ కట్టేవాళ్ళు. ర్యాలీకి రమ్మంటే వెళ్ళేవాళ్ళు, చొక్కా ఇస్తే వేసుకునేవాళ్ళు, బియ్యం ఇస్తే తెచ్చుకునేవాళ్ళు. లోపల ఏముందో ఎవరూ బయటపెట్టలేదు, పక్కింటివాళ్ళతో కూడా అనలేదట. పోలింగ్ రోజు చీకటితోనే బయల్దేరి, చర్చికి కట్టుకునే మంచి బట్టలు కట్టుకుని, తెల్లారేసరికి లైన్లో ఉన్నారు. ఓటేసి ఇంటికి కూడా పోకుండా నేరుగా కొండల్లోకి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. అంటే తర్వాత ఏం జరగబోతోందో వాళ్ళకి ముందే తెలుసు. తెలిసీ వచ్చారు, 98 శాతం పైగా పోలింగ్. ఇక్కడ కూర్చుని మనం "పాపం వాళ్ళని లైన్లో నిలబెట్టారు" అంటుంటే వాళ్ళకేదో ఊహ తెలియనట్టు ఉంటుంది.

సీమటపాకాయ

ఈ జెండా, చొక్కా, బియ్యం కథ వింటుంటే మా కర్నూలు వైపు పాత ఫ్యాక్షన్ ఊళ్ళు గుర్తొచ్చాయి. అక్కడ ఓటరుని భయపెట్టడానికి కత్తి చూపించక్కర్లేదు, "మీ బూత్‌లో ఎన్ని పడ్డాయో రేపు తెలుస్తుందిగా" అంటే చాలు. ఈవీఎంలు వచ్చాక ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లో కాగితం మీద అచ్చు గుద్దినట్టు వచ్చేస్తోంది. ఐదొందల ఓట్ల ఊళ్ళో ఎవరెటు వేశారో ఆ రాత్రికే లెక్క తేలిపోతుంది, రోడ్డు, బోరు, పింఛను అన్నిటి మీదా ఆ లెక్క పడుతుంది.

తిమోర్‌లో సమితి ఈ ఒక్క విషయంలో మాత్రం బుర్ర పెట్టింది. ఎక్కడి పెట్టెలు అక్కడ తెరవలేదు. అన్నీ డిలికి తెచ్చి, అక్కడి మ్యూజియంలో బ్యాలెట్లన్నీ కలిపేసి లెక్కపెట్టారు, దేశం మొత్తానికి ఒకే అంకె ప్రకటించారు. ఏ ఊరు ఎటు వేసిందో, ఏ జిల్లా ఎటు వేసిందో చెప్పలేదు. మన దగ్గర పేపర్ బ్యాలెట్ల కాలంలో కలిపి లెక్కపెట్టే నిబంధన ఉండేది, ఇప్పుడు టోటలైజర్ అనే యంత్రంతో అదే పని చెయ్యొచ్చు. ఎన్నికల సంఘం అడిగింది, లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. టాపిక్ కాస్త పక్కకి పోయింది, క్షమించాలి, కానీ ఈ ముక్క ఎవరూ చెప్పరు.

గోదారిగట్టు

పక్కకి పోలేదు సీమటపాకాయ గారూ, అసలు ఫలితం అలా రావడానికి కారణం మీరు చెప్పిందే. సుహార్తో కాలం ఎన్నికల్లో తిమోర్‌లో కూడా ఆయన పాలక పార్టీ గోల్కరే గెలుస్తూ వచ్చింది. భయపెడితే ఓట్లు పడతాయని వాళ్ళ అనుభవం. 1969లో పశ్చిమ పాపువాలో ఇంకా తేలిక, అక్కడ అందరికీ ఓటే ఇవ్వలేదు, ఏరి తెచ్చిన వెయ్యి పైచిలుకు మందిని సైన్యం మధ్య నిలబెట్టి "ఇండోనేషియాతోనే ఉంటాం" అనిపించారు, ఒక్కరు కూడా కాదనలేదు. తిమోర్‌లో మొదటిసారి తెర వెనక, ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా గుర్తు పెట్టే అవకాశం దొరికింది. స్వయంప్రతిపత్తికి 94,388, వద్దన్నవాళ్ళు 3,44,580.

నిజంమాట్లాడితే

అందరూ ఒకే పాట పాడుతున్నారు. ఆ 94 వేల మంది తిమోర్ మనుషులు కాదా? 21.5 శాతం అంటే ఐదుగురిలో ఒకరు. వాళ్ళలో ఉద్యోగులు ఉన్నారు, ఇండోనేషియా వాళ్ళని పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఉన్నారు, అందరూ గూండాలేం కాదు. వాళ్ళ భయం గురించి ఒక్కరూ రాయలేదు. పైగా ఈ లెక్కన ప్రతి దేశంలో ప్రతి మూలా రెఫరెండం అడుగుతారు. మన దేశంలో అడిగితే ఇలాగే చప్పట్లు కొడతారా?

కాగితంపులి

మన దేశమే పెట్టింది బాబూ. నవాబు పాకిస్తాన్‌లో కలుపుతానన్న గుజరాత్‌లోని జునాగఢ్ సంస్థానంలో, 1948 ఫిబ్రవరి 20న. పాకిస్తాన్‌కి పడ్డవి 91 ఓట్లు, భారత్‌కి లక్షా తొంభై వేలు దాటాయి. జునాగఢ్ జనం ఎటు ఉన్నారో ఎవరికీ అనుమానం లేదు, అయినా పాకిస్తాన్ ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు, ఓటు జరిగేటప్పుడు అక్కడ పాలన మన చేతిలో ఉంది కదా అన్నది వాళ్ళ అభ్యంతరం. అందుకే పోలింగ్ రోజు బందోబస్తు ఎవరిదన్నది చిన్న విషయం కాదు. గెలిచినవాడికి కూడా అది తర్వాత తలనొప్పే.

మీ మొదటి మాటతో మాత్రం ఏకీభవిస్తాను. సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోనే ఉన్న పశ్చిమ తిమోర్‌కి పోయిన రెండున్నర లక్షల మందిలో చాలామందిని బలవంతంగా లారీలెక్కించారు, కానీ ఇష్టపడి వెళ్ళి మళ్ళీ రాలేనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు తక్కువే.

పాతపేపర్

సరే, తేదీ మీద కాస్త తగ్గుతాను, హబీబీ లెక్క నేను అంతగా ఆలోచించలేదు. కానీ ఇంకో ప్రశ్న. ఓటు వేయించారు, పెట్టెలు డిలిలో ఉన్నాయి, పోలింగ్ రోజునే అట్సాబేలో సమితి స్థానిక ఉద్యోగిని పొడిచి చంపారు. అలాంటప్పుడు సెప్టెంబర్ 4నే ఫలితం ఎందుకు ప్రకటించాలి? లెక్కింపు ఇంకా అవుతోందని చెప్పి, దళాలు వచ్చేదాకా ఆగొచ్చు కదా. అక్కడి సమితి బృందం అధిపతి ఇయాన్ మార్టిన్ పొద్దున్న హోటల్లో అంకె చదివాడు, మధ్యాహ్నానికి కాల్పులు మొదలయ్యాయి. 6న బిషప్ బెలో ఇల్లు తగలబెట్టారు, అదే రోజు సువాయ్ చర్చిలో పాదిరీలతో సహా జనాన్ని చంపారు. నోబెల్ శాంతి బహుమతి వచ్చిన మనిషి ఇంటికే దిక్కు లేకపోతే ఊళ్ళో రైతుకి ఏం దిక్కు?

డార్విన్‌లో_మనోడు

ఆపితే లెక్క తారుమారు చేస్తున్నారని మొదట అరిచేది జకార్తాయే. అప్పటికే సమితి పక్షపాతం చూపిస్తోందని గోల చేస్తున్నారు. పైగా ఎవరి దళాలు వచ్చేదాకా ఆగాలి? సెప్టెంబర్ 4 నాటికి ఎవరూ దళాలు పంపుతామని ఒప్పుకోలేదు. ఆ మంటలు టీవీలో చూశాకే ఆస్ట్రేలియాలో జనం రోడ్ల మీదకి వచ్చారు. డిలిలో సమితి కాంపౌండ్ పక్కన స్కూల్లో దాక్కున్న తల్లులు కాల్పులకి భయపడి పిల్లల్ని ముళ్ళకంచె మీంచి ఇవతలికి అందించారు, చేతులు చీరుకుపోయిన పిల్లలు. ఆ కాంపౌండ్ ఖాళీ చెయ్యమని పైనుంచి చెప్పినా, ఈ జనాన్ని వదిలి మేం రాం అని సిబ్బంది కొందరు మొండికేశారు. చివరికి 14న శరణార్థులు పద్నాలుగు వందల మందికి పైగా విమానాల్లో ఇక్కడికి వచ్చారు. మా వీధి ఆవిడ వాళ్ళలో ఒకరు.

శీను_నెల్లూరు

అన్నా ఒక డౌటు. తిమోర్ వాళ్ళకి గెరిల్లా సైన్యం ఉండేది కదా, ఫాలింటిల్. ఇంత జరుగుతుంటే వాళ్ళేం చేశారు?

గోదారిగట్టు

ఏం చెయ్యలేదు తమ్ముడూ, అదే వాళ్ళు చేసిన పెద్ద పని. ఆగస్టులోనే ఫాలింటిల్ వాళ్ళందరూ కొన్ని శిబిరాలకి చేరి ఆయుధాలతో సహా అక్కడే ఉండిపోయారు. జకార్తాలో గృహ నిర్బంధంలో ఉన్న వాళ్ళ నాయకుడు షనానా గుస్మావ్ ఆదేశం, ఎవరూ కదలొద్దని. ఒక్క తూటా పేల్చినా "చూడండి, తిమోర్ వాళ్ళే ఒకరినొకరు చంపుకుంటున్నారు, మా సైన్యం లేకపోతే ఎలా" అనడానికి ఇండోనేషియా కాచుకుని ఉంది. కొండమీద శిబిరంలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, కింద సొంత ఊరు తగలబడుతున్నా కదలకుండా కూర్చోవాలి. సెప్టెంబర్ 7న షనానాని వదిలిపెట్టాక కూడా అదే మాట మీద ఉన్నాడు. 20న దళాలు దిగే వరకూ వాళ్ళు శిబిరాలు దాటలేదు. అది సరైన ఆదేశమేనా అని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు, దాని మీద కావాలంటే వేరే థ్రెడ్ పెట్టు, నేనొస్తా.