తోడేలు లేని దీవిలో మంద లెక్క: లాజిస్టిక్ సమీకరణం పనికొస్తుందా?

లెక్కలపిచ్చి:
అలాస్కా దగ్గర, బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. 1944లో అమెరికా కోస్ట్‌గార్డ్ వాళ్లు అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలారు. వాటిని వేటాడే జంతువేదీ లేదు. 1957కి 1,350 అయ్యాయి, 1963కి 6,000. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42!

మంద పెరిగి పెరిగి ఒక గరిష్ఠ సంఖ్య దగ్గర కుదురుకుంటుందని కాలేజీలో నేర్పిన లాజిస్టిక్ గీత ఇక్కడ పనికిరాదంటాను. నిన్న రాత్రి నిద్ర పట్టక మొదటి మూడు లెక్కలూ అందులో వేసి చూశా. దీవి సుమారు 18,500 జంతువులను మోస్తుందని వచ్చింది.

కొండగాలి:
మీ దగ్గరున్నవి మూడు అంకెలు, సమీకరణంలో తేల్చాల్సినవీ మూడే: మొదటి సంఖ్య, పెరిగే వేగం, గరిష్ఠ సంఖ్య. అలాంటప్పుడు గీత అతికినట్టే ఉంటుంది లెండి, దాన్ని నమ్మడం మీ పొరపాటు. పైగా 1963–64 చలికాలం మామూలుది కాదు. అది రాకపోతే 6,000 దగ్గరే ఆగేవేమో.

లెక్కలపిచ్చి:
మూడు అంకెల మాట ఒప్పుకుంటున్నా. చలి మాట ఒప్పుకోను. 1957–63 మధ్యే పెద్ద జంతువుల సగటు బరువు మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. చలికాలంలో వాటికి దిక్కు లైకెన్, అంటే నేల మీదా రాళ్ల మీదా నాచులా పెరిగేది. ఒకసారి మేసేస్తే మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. వడ్డీతో బతకాల్సినవి అసలే తినేశాయి. సమీకరణంలో ఆ గరిష్ఠ సంఖ్య మారదు, దీవిలో మాత్రం దాన్ని మందే కొరుక్కుతింది. లైకెన్‌కి ఇంకో సమీకరణం రాయకుండా ఈ కథ తేలదు.

గడ్డిపోచ:
అందరూ రెయిన్‌డీర్ దగ్గరే ఆగిపోతారెందుకో. స్కాట్లండ్‌కి పడమరగా సెయింట్ కిల్డాలో హిర్టా దీవి చూడండి. 1932లో 107 సోయ్ గొర్రెలను తెచ్చి వదిలారు. అక్కడ మేత గడ్డి, ఏటా మొలుస్తుంది. అందుకే మంద కూలినా మళ్లీ లేస్తుంది. తమాషా ఏమిటంటే, తలల లెక్క ఒకటే ఉన్నా ఒక చలికాలం సగానికి పైగా పోతాయి, ఇంకో చలికాలం పెద్దగా ఏమీ కాదు. గాలివానలు ఎంత, మందలో ఏవి ఎన్ని అన్నదే తేడా. పిల్లలు, ముసలివి, పొట్టేళ్లు ముందు పోతాయి. ఈనే వయసు ఆడగొర్రెలు తట్టుకుంటాయి.

కొండగాలి:
మేత, వయసు, వాతావరణం... ఇలా కలుపుకుంటూ పోతే ఇన్నిటినీ కొలిచేదెవరండీ? హిర్టాలో 1985 నుంచీ వదలకుండా గమనిస్తున్నారు కాబట్టి సరిపోయింది. మిగతా చోట్ల సాదా సమీకరణంతో మొదలుపెట్టక తప్పదు.

లెక్కలపిచ్చి:
మొదలుపెట్టండి, 18,500 అని రిపోర్టు మాత్రం ఇవ్వకండి. కనీసం ఆడ, మగ విడిగా రాసుకోండి. 42 అని ఒక్క అంకె వేస్తే మీ సమీకరణం మంద మళ్లీ పెరుగుతుందనే చెబుతుంది. ఆ 42లో 41 ఆడవి. ఉన్న ఒక్క మగదానికి కొమ్ములే సరిగా ఎదగలేదు, ఇక దానివల్ల పిల్లలు పుట్టడం అనుమానమే.