సమస్యాపూరణం: “ఏనుగును గొంటి మేకకు నిడెడి వెలకు”

నిర్వాహకుడు:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం ఇచ్చిన సమస్య తేటగీతి పద్యంలో నాలుగవ పాదం; ముందరి మూడు పాదాలు వ్రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. షరతు ఒక్కటే: ఏనుగు జంతువు కాకూడదు, చవకగా కొన్న పాత సరకుల బండిని గురించే పద్యం నడవాలి. 2005లో విడుదలైన టాటా ఏస్ బండికి ‘ఛోటా హాథీ’ (చిన్న ఏనుగు) అన్న పేరు జనంలో స్థిరపడిపోయింది కనుక పూరణకు దారి ఉన్నది. యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండవలసిన మైత్రి) ‘ఏ’కారానికీ ‘ఇడెడి’లోని ‘ఇ’కారానికీ కుదిరింది; ద్రుతం (ముందు పదం చివరి నకారం) చేరి ‘నిడెడి’ అయినా స్వరయతి చెల్లుతుంది.

మొదటి పూరణ (కర్నూలు సభ్యుడు):

ఊరి చివరలో టాటేసు నొకటి గంటి
జనులు “చిన్న యేనుగ”టంచుఁ జాటు దాని
కదల దింజను, టైర్లలో గాలి లేదు
ఏనుగును గొంటి మేకకు నిడెడి వెలకు

తెనాలి మాస్టారు:
నాయనా, ధార బాగున్నది. మూడవ పాదం ఎవరైనా ఇట్టే ఒప్పుకొనేటంత సహజంగా వచ్చింది. పాదాంతంలో వాక్యం ముగిసింది కాబట్టి ‘లేదు’ తరువాత ‘ఏనుగు’ అచ్చుతో మొదలైనా దోషం లేదు. అయితే ‘టాటేసు’ ఎట్లా సాధించావు? టాటా అన్నది దీర్ఘాంతం, అక్కడ చివరి అచ్చు జారిపోయే లోపసంధి రాదు. “ఊరి చివర టాటా బండి యొకటి గంటి” అని మార్చి చూడు, గణాలూ (గురులఘువుల లెక్కా) యతీ రెండూ నిలుస్తాయి.

కర్నూలు సభ్యుడు:
ధన్యవాదాలు మాస్టారూ, సవరణను స్వీకరిస్తున్నాను.

వరంగల్ సభ్యురాలు:
నాకొక లౌకికమైన సందేహం. ఇంజను కదలని బండికి మేక వెల ఇవ్వడం చవక బేరమా, తుక్కు బేరమా? బక్రీదుకు ముందు వారం మేకపోతు ధర అడిగి చూసినవారు ఈ పోలికను ఇంత ధైర్యంగా వాడరు!

రెండవ పూరణ (ఏలూరు సభ్యుడు):

కడవ డీజిలు త్రాగును గదలకుండ
మేత వేసిన చాలదు మెకముఁ బోలె
ధరను జూచితి, ఖర్చును దలఁపనైతి
ఏనుగును గొంటి మేకకు నిడెడి వెలకు

కర్నూలు సభ్యుడు:
మొదటి పాదంలో ‘డీజిలు’ తరువాత ‘త్రా’ అనే సంయుక్తాక్షరం వచ్చింది కదా, ‘లు’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

తెనాలి మాస్టారు:
కాదు. ‘త్రాగు’ తెలుగు పదం, పైగా రెండూ వేరువేరు పదాలు. ముందున్న అక్షరం లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసం మధ్యలో అయితే నీ సందేహం న్యాయమే.

గుంటూరు మెకానిక్ సభ్యుడు:
పద్యం మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు గానీ బండి మీద చెప్పగలను. పాత ఏసులో ఉన్నది రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను. అది కడవలు త్రాగే రకం కాదు. అట్లా త్రాగుతున్నదంటే రింగులైనా అరిగి ఉండాలి, పంపులోనో నాజిల్‌లోనో తేడా అయినా ఉండాలి. ఇంజను సీటు కిందనే ఉంటుంది కనుక కొనే ముందు సీటు ఎత్తించి, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మూత తీయించాలి. అక్కడి నుండి పొగ బుసబుసమని ఎగతన్నుతుంటే పని పెద్దదే. అమ్మేవారు మనం చేరేసరికే బండిని స్టార్ట్ చేసి వేడిగా ఉంచుతారు. తెల్లవారుజామున చెప్పకుండా వెళ్ళి, చల్లటి ఇంజను మీద తాళం తిప్పించుకుంటే ఏలూరు వారి మూడవ పాదం వ్రాసుకోవలసిన అవసరం ఉండదు.

మూడవ పూరణ (నెల్లూరు సభ్యుడు):

అప్పు తీరని బండిని నంటగట్టి
పత్రములు రేపుమాపను పలుకు పలికి
వెడలె నమ్మిన వాఁడు, నే వెఱ్ఱినైతి
ఏనుగును గొంటి మేకకు నిడెడి వెలకు

వరంగల్ సభ్యురాలు:
‘వెడలె నమ్మిన వాఁడు’ అన్నచోట అమ్మినవాడూ, మనం నమ్మినవాడూ ఒక్కడే అయ్యాడు. ఆ శ్లేష చాలా సొగసుగా ఉన్నది. కానీ ఏనుగు ఎందుకు వచ్చినట్టు? మొదటి పూరణలో పేరు వలన వచ్చింది, రెండవదానిలో మేత వలన వచ్చింది. ఇక్కడ నాలుగవ పాదంలో ‘ఒంటె’ అని పెట్టినా అర్థం మారదు. సమస్యకు మొదటి మూడు పాదాలలో కాలు మోపే చోటు లేకపోతే అది పూరణ కాదు, అతుకు.

నెల్లూరు సభ్యుడు:
అక్కా, మీరు అన్నది నిజమే. రెండవ పాదం తీసివేసి, ఏనుగుకు గొలుసు వేసి ఇట్లా తిరిగి వ్రాశాను:

అప్పు తీరని బండిని నంటగట్టి
వెడలె నమ్మిన వాఁడు, నే వెఱ్ఱినైతి
కాలి గొలుసును బ్యాంకులోఁ గట్టి యుండ
నేనుగును గొంటి మేకకు నిడెడి వెలకు

తెనాలి మాస్టారు:
శభాష్! ‘ఉండన్’ లోని ద్రుతం వలన నాలుగవ పాదం ‘నేనుగును’ అని మొదలైంది, అది సరియైనదే; యతి అచ్చుకే కనుక భంగం లేదు.

విజయవాడ సభ్యుడు (రవాణా కార్యాలయం పనులు చూసేవాడు):
గొలుసు పోలిక అక్షరాలా నిజం. ఆర్.సి. (బండి రిజిస్ట్రేషన్ పత్రం) మీద అప్పిచ్చిన సంస్థ పేరు ఉన్నంతకాలం, దాని సమ్మతి లేకుండా బండి పేరు మారదు. అప్పు తీరిందని ఆ సంస్థ ఫారం 35 మీద సంతకం చేస్తే గాని ఆ పేరు తొలగదు. వెఱ్ఱివాడు కొన్నవాడొక్కడే అన్నచోట మాత్రం నేను ఏకీభవించను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అమ్మకం ఒకే రాష్ట్రంలో జరిగితే అమ్మినవాడు 14 రోజులలోగా తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజులలోగా పేరు మార్పు కోరాలి. ఆ రెండు పనులకూ ఉన్న ఫారం 29, ఫారం 30 నింపకుండా తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయినవాడు బరువు దిగిందనుకుంటాడు గానీ, రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కనుక ఈ పద్యంలో ఏనుగు ఇద్దరినీ తొక్కుతుంది.

నాలుగవ పూరణ (చిత్తూరు సభ్యుడు):

మదనపల్లెకు టమటాలు మలలు దాటి
మోయుచున్నది నిత్యము మొరయకుండ
గేరుబాక్సును మార్చిన గిట్టుబాటె
ఏనుగును గొంటి మేకకు నిడెడి వెలకు

గుంటూరు మెకానిక్ సభ్యుడు:
టమాటా బుట్టలతో కొండదారి ఎక్కే పాత బండి మొరయకుండా పోతుందన్న మాట ఒక్కటి నేను నమ్మను. మిగిలినదంతా సరిపోయింది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఖర్చును కూడా లెక్కలో కలుపుకున్నారా అన్నా?

చిత్తూరు సభ్యుడు:
కలుపుకున్నాను తమ్ముడూ, కానీ అది గణాలలో ఇమడలేదు.

నిర్వాహకుడు:
ధార చూసి మొదటి పూరణకు, వస్తువు పట్టు చూసి నెల్లూరు వారి సవరించిన పూరణకు ఓటు వేద్దామనుకున్నాను. తీరా రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, గొలుసు లేని ఏనుగు కొంచెం తేలికగా తోచింది. కాబట్టి ఈ వారం మెప్పు నెల్లూరు వారిదే. నాలుగవ పూరణలో బేరం లాభించిన ఏకైక మనిషి ఉన్నందుకు నాకు ప్రత్యేకమైన అభిమానం ఉన్నా, అక్కడ కూడా ఏనుగు బరువు మోయడానికే తప్ప పద్యాన్ని మలుపు తిప్పడానికి రాలేదు.

వచ్చే వారానికి సమస్య, ఇదీ తేటగీతే:

“చక్రములు లేక బండియే సాగిపోయె”

పూరణలు శనివారం రాత్రిలోగా పంపగలరు.