బరంపురంలో తాళం పడి ఉన్న పాత ఇళ్లను తక్కువ అద్దెకు ఇప్పించడం ఎలా?

మాది బరంపురం పాత ఊరు, పట్టు నేసేవాళ్ల వీధుల దగ్గర. ఇక్కడ పొడవాటి పాత ఇళ్లు కొన్ని ఏళ్ల తరబడి తాళాలతోనే ఉన్నాయి, వారసులు కొందరు విశాఖలో, కొందరు హైదరాబాద్‌లో, వాటాలు తేలక అమ్మరు, అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనని టెన్షన్. ఒక ఇంటికైతే పెంకులు జారిపోయి దూలం మీదికే వాన దిగుతోంది, గోడ పగులులో రావి మొక్క నా భుజం ఎత్తు పెరిగింది. అదే వీధిలో మగ్గం పని చేసే కుటుంబం, ఐదుగురు, ఒక్క గదిలో ఉంటున్నారు. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

అద్దెకు దిగేవాళ్లే మరమ్మతు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో చెల్లు పెట్టుకోవాలని అనుకుంటున్నాం, ఇద్దరు యజమానులు సరే అనేలా ఉన్నారు. ఏడాది మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కదా, మరి 11 నెలల అగ్రిమెంటు మీద మరమ్మతుకి డబ్బు పెట్టినవాళ్లకి భరోసా ఏమిటి? వారసులందరూ సంతకం పెట్టాలా, ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోతుందా? 2020లో కేంద్రం తెచ్చిన అద్దె ఇళ్ల పథకం ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లకూ, ఖాళీ స్థలాల్లో కొత్తగా కట్టేవాటికే గానీ ఇలాంటి పాత సొంత ఇళ్లకు అందులో దారి కనపడలేదు.

పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం వైపు ఎవరైనా ఇలా చేశారా? అగ్రిమెంటు నకలు ఉంటే దయచేసి పంపండి, ఒడియాలో ఉన్నా పర్వాలేదు.