రోటరీలో చేరమంటున్నారు, కానీ వారం వారం మీటింగు ఎందుకు?

మందులషాపు_పగో:
మాది పశ్చిమ గోదావరిలో చిన్న టౌను. పదకొండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మా వీధిలో పళ్ల డాక్టరు గారు మూడు నెలల నుంచి రోటరీ అనే సేవా క్లబ్బులో చేరమని అడుగుతున్నారు. ఒకసారి గెస్ట్‌గా తీసుకెళ్లారు కూడా. గంట కొట్టి మొదలుపెట్టారు, ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లకి చప్పట్లు కొట్టారు, సెక్రటరీ గారు ఏవో చదివారు, ఒక బ్యాంకు మేనేజరు గారు అరగంట మాట్లాడారు, చివర్లో జాతీయ గీతం, తర్వాత భోజనం. మనుషులు మంచివాళ్లే. నా ఇబ్బందల్లా గురువారం రాత్రి ఏడున్నరకి రమ్మంటున్నారు, డాక్టర్ల సాయంత్రం ఓపీ అయ్యి చీటీలన్నీ నా కౌంటర్ మీదకి వచ్చేది సరిగ్గా అప్పుడే. క్యాంపు పెడితే వస్తాను, మందులిస్తాను, డబ్బు కట్టమన్నా కడతాను. అది చాలదా? సభ్యులెవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గుంటూరు_పాతసభ్యుడు:
నేను ఇరవై రెండేళ్లుగా ఉన్నానండి. అసలు ఆ పేరే మీటింగుల వల్ల వచ్చింది. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు గారు మొదలుపెట్టినప్పుడు ఒక వారం ఒకరి ఆఫీసులో, ఇంకో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్లు, వంతులు తిరగడాన్ని ఇంగ్లీషులో రొటేషన్ అంటారు కదా, అందుకే రోటరీ. ఇప్పుడు అంత పట్టుదల లేదు. 2016లో రూలు సడలించారు, నెలకి కనీసం రెండు మీటింగులు పెట్టుకుంటే చాలు, మిగతాది క్లబ్బు ఇష్టం. మీవాళ్లు ఏ పద్ధతిలో ఉన్నారో అడగండి.

క్యాంపులకి మాత్రమే వస్తానన్నారు కదా, అక్కడొక సంగతి చెప్పాలి. మేము చాలా ఏళ్లు ఆగస్టు 15కి పెద్ద రక్తదాన శిబిరం పెట్టేవాళ్లం. ఒక వారం మీటింగుకి బ్లడ్ బ్యాంకు డాక్టరు గారొచ్చి, తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, తీసిన రక్తం నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులే, మీ ఆగస్టు రక్తం మే నెలలో వచ్చే పిల్లకి ఎలా పనికొస్తుంది అని అడిగారు. వేసవిలో కాలేజీలకి సెలవులు, కుర్రాళ్లు ఊళ్లకి వెళ్లిపోతారు, దాతలు దొరకరు. అప్పటిదాకా మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఆ రాత్రే దాతల్ని బ్యాచ్‌లుగా రాసుకున్నాం, మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు కాబట్టి ఆ లెక్కన. ఇప్పుడు ప్రతి మీటింగులో ఈ వారం ఎవరి వంతో చదువుతారు. పోలియో చుక్కల ఆదివారాల్లోనూ ఎవరు ఏ బూత్ దగ్గర ఉండాలో ముందు వారమే పంచుకునేవాళ్లం. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదంటే అందులో మా వీధి బూత్ కూడా ఉందని నాకు ఇప్పటికీ గర్వం.

మానేసినవాణ్ణి:
నేను నాలుగేళ్లు ఉండి బయటికొచ్చాను. ఏ క్లబ్బో, ఏ ఊరో చెప్పను. జులైలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారానికి ఫంక్షన్ హాలు, శాలువాలు, ఫ్లెక్సీలు, దానికైన ఖర్చు ఆ ఏడాది మేము చేసిన సేవ కంటే ఎక్కువ. శుక్లాల ఆపరేషన్లు చేయించాం, పేపర్లో ఫొటో వచ్చింది, వాళ్లలో ఎంతమంది తిరిగి చూపించుకున్నారని నేను మీటింగులో అడిగితే ఎవరి దగ్గరా లిస్టు లేదు. ఒక ముసలావిడ కన్ను నీరు కారుతూ మా ఇంటికే వచ్చింది, ఆ రోజు నాకు చాలా బాధేసింది. చేరొద్దని అనను. చేరేముందు పోయినేడాది లెక్కలు, మీటింగు మినిట్స్ (ఏం మాట్లాడుకున్నారో రాసుకున్నది) చూపించమని అడగండి, చూపించకపోతే మీ జవాబు మీకు దొరికినట్టే.

టీచరమ్మ_ఖమ్మం:
పైన అన్నయ్య గారు చెప్పింది నిజం, ఇలాంటిది నేనూ చూశాను. మాది గవర్నమెంటు స్కూలు. ఒక సంస్థవాళ్లు ఆర్వో ప్లాంటు ఇచ్చారు, ఏడాది బాగా నడిచింది, తర్వాత ఫిల్టరు మార్చే నాథుడు లేక మూలపడింది. పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాలు మోసుకురావడం మొదలుపెట్టారు. నేను క్లబ్బులో చేరింది ఆ కోపంతోనే. 1989 దాకా రోటరీ రూల్స్‌లో ఆడవాళ్లకి సభ్యత్వమే లేదు, మా క్లబ్బులో ఇప్పటికీ చాలామంది సభ్యుల భార్యలుగానే వస్తారు, వాళ్లని 'ఆన్స్' అంటారు. నేను సభ్యురాలిగానే చేరతానని పట్టుబట్టాను. మొదటి నెలలోనే ఒకటి అడిగాను: మనం ఇచ్చిన ప్రతి వస్తువు పేరు ఒక పుస్తకంలో రాసి, ప్రతి మీటింగులో ఒక పేజీ చదవాలి, అది పనిచేస్తోందా, చివరిసారి ఎవరు వెళ్లి చూశారు అని. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు ఏదైనా ఇచ్చేముందే దాన్ని ఎవరు చూసుకుంటారో అడుగుతున్నారు. వస్తువులు ఇవ్వడానికి మీటింగు అక్కర్లేదండి, ఇచ్చినదాన్ని మరిచిపోకుండా ఉండటానికే కావాలి.

మందులషాపు_పగో:
అందరికీ థాంక్స్ అండి. నిన్న డాక్టరు గారిని మినిట్స్ అడిగితే ఏమీ అనుకోకుండా ఫైలు ఇచ్చారు, లెక్కలు బాగానే ఉన్నాయి. మీటింగు మాత్రం ప్రతి వారం ఉంటుందట, నెలకి రెండుసార్లు వస్తానంటే సరే అన్నారు. టీచరమ్మ గారి మాట చదివాక ఇంకోటి తట్టింది. బీపీ, షుగరు మాత్రలు నెలనెలా కొనేవాళ్లు ఉన్నట్టుండి రావడం మానేస్తారు, కౌంటర్ మీద ఉంటాను కాబట్టి నాకు ముందే తెలుస్తుంది, డబ్బుల్లేక మానేశారో, తగ్గిందనుకుని మానేశారో అడిగే తీరిక మాత్రం లేదు. పేర్లు నా దగ్గరే ఉంచుకుని, వాళ్లు ఒప్పుకుంటే ఇంటికెళ్లి పలకరించడానికి ఇద్దరు మనుషుల్ని ఇస్తారా అని డాక్టరు గారిని అడిగాను. అది నాతో కాదు, మీటింగులో నువ్వే చెప్పు అన్నారు. గురువారం షాపులో మా తమ్ముడు కూర్చుంటానన్నాడు.