సున్నపురాయి నేలలో కట్టిన రిజర్వాయర్లు కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాయా, వదులుతాయా?

కొండవాగు: చైనాలో గుయిజౌ వైపు వూజియాంగ్ నది మీద వరసగా డ్యాములున్నాయి కదా, చుట్టూ అంతా సున్నపురాయే. వాటి మీద రిపోర్టు రాస్తున్నా. ఒక పేపర్లో పీలుస్తున్నాయని, ఇంకో పేపర్లో వదులుతున్నాయని ఉంది. ఏది నమ్మాలి?

నాచుబండ: రెండూ నమ్మొచ్చు, ఎప్పుడు కొలిచారో చూడండి ముందు. అక్కడి నీళ్లలో రాయి కరిగి వచ్చిన బైకార్బొనేట్, అంటే నీళ్లలో కరిగి ఉండే ఒక రకం కార్బన్, దండిగా ఉంటుంది. ఎండలు ముదిరితే పైన వేడినీళ్లు, అడుగున చల్లనీళ్లు విడిపోతాయి, పైపొరలో నాచు విపరీతంగా పెరిగి కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది. మధ్యాహ్నం పడవేసుకుని వెళ్లి కొలిస్తే పీల్చుకున్నట్టే వస్తుంది మరి! ఆ నాచే చచ్చి అడుగున కుళ్లుతుంది, అక్కడ గ్యాస్ పోగవుతుంది, చలికాలంలో పొరలు కలిశాక పైకొస్తుంది.

టర్బైన్‌తాత: పైనీళ్లు కొలిచి ఊరుకుంటే సగం లెక్కే. వూజియాంగ్‌దు డ్యామ్ 165 మీటర్ల ఎత్తు. ఇలాంటి చోట టర్బైన్‌కి నీళ్లు లోతు నుంచి వెళ్తాయి. బయటపడగానే పీడనం తగ్గి, సోడా మూత తీసినట్టు గ్యాస్ పోతుంది. డ్యామ్ దిగువన కూడా శాంపిల్ తీయకపోతే ఆ రిపోర్టుని నేనైతే పక్కన పెడతా.

బొర్రావాసి: ఇంకో మెలిక ఉంది. నాచు వల్ల పీహెచ్ (నీళ్ల క్షార గుణం) పెరిగితే కాల్షియం కార్బొనేట్ తెల్లటి పొడిలా విడిపోతుంది, అలా విడిపోయినప్పుడల్లా కొంత కార్బన్ డయాక్సైడ్ తిరిగి బయటికొస్తుంది. మా బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లు పెరగడం వెనకా ఇదే కెమిస్ట్రీ, కాకపోతే అక్కడ నాచుకి బదులు గుహలోని గాలి ఆ పని చేస్తుంది.

కొండవాగు: మరి మీథేన్ సంగతో?

నాచుబండ: అది ఆక్సిజన్ అందని బురదలో పుడుతుంది. లోతు ఎక్కువైతే పైకొచ్చేలోపు బ్యాక్టీరియా చాలావరకు తినేస్తుంది. నది వచ్చి కలిసే లోతు తక్కువ చోట్ల మాత్రం బుడగలుగా నేరుగా పోతుంది. నూరేళ్ల లెక్కలో వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 27 రెట్లు, కాబట్టి తక్కువని వదిలేయకండి. బుడగల కోసం నీళ్లలో గరాటు బోర్లించి పెడతారు.

టర్బైన్‌తాత: ఇంకోటి బాబూ, డ్యామ్ కట్టకముందు కూడా ఆ నది గ్యాస్ వదిలేదే. మొత్తం తెచ్చి డ్యామ్ నెత్తిన రుద్దకు, అది తీసేసి మిగిలిందే రిపోర్టులో రాయి.