ట్రాక్ డ్రైవింగ్ నేర్చుకునేవారు ఈఎస్‌సి ఆపి నేర్చుకోవాలా, ఆపకుండానా?

మూడో గేరు (హైదరాబాద్):

మన రెండు రాష్ట్రాల నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కీ, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకీ సొంత కార్లు తీసుకుని వెళ్లేవారున్నారు. వారి మధ్య ఎప్పటికీ తెగని ఒక వివాదాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. టైరు పట్టు తప్పే అంచున కారును నడపడం రావాలంటే జారే కారును తనంతట తానే సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను, అంటే ఈఎస్‌సిని, మొదటి రోజే ఆపేయాలని కొందరంటారు. అది జోక్యం చేసుకున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపం మలుపుల్లో వెలగకుండా నడపడం వచ్చేదాకా దాని జోలికే పోవద్దని మరికొందరంటారు. నాది ముందు చక్రాలకు శక్తి అందే మామూలు హ్యాచ్‌బ్యాక్. రేసుల్లో పాల్గొనే ఉద్దేశం లేదు, కారును బాగా నడపడం నేర్చుకోవాలన్నదే కోరిక. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

బ్రేక్ పాయింట్ (చెన్నై):

నిస్సందేహంగా ఆపేయాలి. ఈఎస్‌సి ఏం చేస్తుందో తెలిస్తే కారణం దానంతటదే అర్థమవుతుంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సారు, కారు నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో మరొక సెన్సారు, నాలుగు చక్రాల వేగాలను ఇంకొన్ని సెన్సార్లు చెబుతాయి. మీరు కోరిన దారికీ కారు పోతున్న దారికీ తేడా రాగానే అది ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేస్తుంది. వెనక భాగం జారితే మలుపుకు బయటి వైపున్న ముందు చక్రానికి, ముందు భాగం జారితే లోపలి వైపున్న వెనక చక్రానికి వేసి, అవసరమైతే ఇంజిన్ శక్తిని కూడా తగ్గిస్తుంది. మీ నడుముకు ఆ జారుడు తెలిసేలోపే ఇదంతా జరిగిపోతుంది.

మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను చటుక్కున వదిలినా, స్టీరింగ్‌ను అవసరానికి మించి తిప్పినా, బ్రేకు ఆలస్యంగా వేసినా, చివరికి మీకు తెలిసేది ఒక్కటే: కారు కాస్త నెమ్మదించి దారిలోకి వచ్చింది. మూడు వేర్వేరు తప్పులకు ఒకే ఫలితం కనిపిస్తుంటే వాటిని విడదీసి సరిదిద్దుకోవడం ఎలా? మన దేశంలో ఎంతోమంది కుర్రాళ్లు రేసింగ్‌లో తొలి పాఠాలు నేర్చుకున్న ఫార్ములా ఎల్‌జీబీ అనే ఒంటి సీటు రేసు కార్లలో ఇలాంటి సహాయాలేవీ లేవు. ఫార్ములా వన్ సైతం, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌నూ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు ఉన్నచోటే జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌నూ 1994లో నిషేధించింది. మధ్యలో కొన్నేళ్లు అనుమతించిన ట్రాక్షన్ కంట్రోల్‌ను 2008లో మళ్లీ తీసేసింది. కారును నిలబెట్టాల్సింది డ్రైవరే అన్నది ఆ నిర్ణయాల వెనకున్న ఆలోచన.

వైజాగ్ వీల్స్:

బ్రేక్ పాయింట్ గారు చెప్పిన పనితీరు సరైనదే కానీ, అందులోంచి తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. ఫార్ములా వన్‌ను ఉదాహరణగా తీసుకుంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల ఆధారంగా తయారయ్యే జీటీ3 రేసు కార్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రపంచంలోని మేటి డ్రైవర్లు నడిపే ఆ కార్లలో ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఉన్నాయి, వాటిని ఎంత మోతాదులో వాడుకోవాలన్నది అక్కడ ఒక నైపుణ్యం.

ఇక ఫలితం కనిపించదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఈఎస్‌సి జోక్యం చేసుకున్న ప్రతిసారీ డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం మినుకుమంటుంది, కారు ఊపు ఒక్కసారిగా తగ్గినట్టు ఒంటికి తెలుస్తుంది. ఏ మలుపులో, ఏ క్షణంలో వెలిగిందో గుర్తుపెట్టుకుంటే మీ తప్పు ఎక్కడుందో తెలిసినట్టే. బ్రేకు మీద ఉన్నప్పుడే వెలిగితే మలుపులోకి ప్రవేశించే వేగం ఎక్కువైంది, మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కగానే వెలిగితే స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే తొందరపడ్డారు. ఒక సెషన్ మొత్తం ఆ దీపం వెలగకుండా, వేగం తగ్గకుండా నడపగలిగినవారికి అప్పుడు ఆపమని చెబుతాను.

ఫిజిక్స్ టీచర్ (గుంటూరు):

ఇద్దరి వాదనలోనూ ఒక అంశం రాలేదు. ఈఎస్‌సి ఉండాలా వద్దా అన్నది ఏ నేల మీద, ఎంత వేగంలో అన్న ప్రశ్నను వదిలేసి తేల్చలేం. లెక్క చూడండి. 15 మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో, ఘర్షణ గుణకం 0.4 ఉండే తడి నున్నని నేల మీద తిరిగే కారు గంటకు దాదాపు 28 కిలోమీటర్ల దగ్గరే జారుతుంది. 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న ట్రాక్ మలుపులో, గుణకం 0.9 ఉండే పొడి తారు మీద అదే జారుడు 107 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ రెండో జారుడులో కారు మోసుకుపోయే శక్తి మొదటిదానికి సుమారు 15 రెట్లు. నేర్పే పాఠం రెండు చోట్లా ఒకటే, చెల్లించే ధర మాత్రం వేరు.

అందువల్ల ఈఎస్‌సి ఆపవలసిన చోటు స్కిడ్‌ప్యాడ్, అంటే నీళ్లు చల్లిన, చుట్టూ ఏ అడ్డంకీ లేని విశాలమైన చదును. అక్కడ వృత్తంలో నెమ్మదిగా వేగం పెంచుతూ పోతే ముందు చక్రాలు జారడం మొదలైన క్షణంలో స్టీరింగ్ తేలికపడుతుంది. ఇంకా తిప్పినా కారు తిరగదు. అప్పుడు స్టీరింగ్‌ను కొద్దిగా వెనక్కి తిప్పి, యాక్సిలరేటర్‌ను కొద్దిగా సడలిస్తే పట్టు తిరిగి వస్తుంది. భయపడినప్పుడు మనిషి సహజంగా చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఇంకా ఇంకా తిప్పేస్తాడు. ఆ అలవాటు పోవాలంటే ఒకే గంటలో పదేపదే జారి, పదేపదే సరిదిద్దుకోవాలి. ఆ వీలు ట్రాక్ మీద ఉండదు, ఎందుకంటే ఒక మలుపు మళ్లీ రావాలంటే ల్యాప్ అంతా తిరిగి రావాలి.

టైరుకున్న పట్టు మొత్తం ఒక్కటే, బ్రేకూ మలుపూ దాన్నే పంచుకుంటాయి. స్టీరింగ్ తిప్పేకొద్దీ బ్రేకు పెడల్ మీద ఒత్తిడిని సమానంగా తగ్గిస్తూ పోయే ట్రెయిల్ బ్రేకింగ్ కూడా ముందు ఈ తడి నేల మీదే అభ్యాసం చేయదగ్గది. ఇంకొక మాట: ఈ అభ్యాసం ఘాట్ రోడ్ల మీదా, అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీదా చేసేవారిని నేను ఎంతమాత్రం సమర్థించను. అక్కడ ఎదురుగా వచ్చేవారు ఈ పాఠానికి ఒప్పుకుని రాలేదు.

బ్రేక్ పాయింట్ (చెన్నై):

టీచర్ గారి లెక్కతో నాకు పేచీ లేదు, తడి నేల మీద మొదలుపెట్టాలన్నది ఒప్పుకుంటున్నాను. వైజాగ్ వీల్స్ గారికి మాత్రం ఒక సవరణ: జీటీ3 కార్లలో ఉన్నవి ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే. ఒక్కో చక్రానికి బ్రేకు వేసి కారును దారిలో పెట్టే ఈఎస్‌సి వాటిలో ఉండదు. తోక, అంటే కారు వెనక భాగం, జారితే సరిదిద్దేది అక్కడ కూడా డ్రైవర్ చేతులే. అంతేకాక, ట్రాక్ మీద ఈఎస్‌సి పదేపదే బ్రేకు వేస్తుంటే మామూలు రోడ్డు కార్ల బ్రేకు ప్యాడ్లు త్వరగా వేడెక్కి పట్టు కోల్పోతాయి, మీరు పెడల్ తాకని మలుపుల్లో సైతం.

వైజాగ్ వీల్స్:

ఆ సవరణ న్యాయమైనదే, స్వీకరిస్తున్నాను. ప్యాడ్లు అంతగా వేడెక్కుతున్నాయంటే మాత్రం ఆ డ్రైవరు అంత తరచుగా హద్దు దాటుతున్నాడనే అర్థం, అలాంటివారికి దాన్ని ఆపమని చెప్పడం నాకు ఇప్పటికీ సబబుగా తోచడం లేదు.

మూడో గేరు గారి కారు విషయంలో ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ముందు చక్రాలతో నడిచే కారు సాధారణంగా ముందే జారుతుంది, దాంతో తోక జారదన్న ధీమా ఏర్పడుతుంది. వేగంగా తిరుగుతున్న మలుపులో ఉలిక్కిపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే బరువు ముందుకు వాలి, తేలికపడిన వెనక టైర్లు ఒక్కసారిగా పక్కకు పోతాయి. అప్పుడు తోక ఎటు పోతే స్టీరింగ్ అటే తిప్పాలి, బ్రేకు తాకకూడదు, యాక్సిలరేటర్‌ను మృదువుగా తిరిగి తొక్కాలి. వెనక చక్రాలతో నడిచే కారులో శక్తి ఎక్కువై తోక జారినప్పుడు చేయాల్సింది యాక్సిలరేటర్ తగ్గించడం. యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువగా చూపించేది ఆ రెండోదే కనుక, చూసింది చూసినట్టు మీ కారులో చేయకండి.

మూడో గేరు (హైదరాబాద్):

అందరికీ ధన్యవాదాలు. ముందు స్కిడ్‌ప్యాడ్ ఉన్న శిక్షణలో చేరి, అక్కడ ఈఎస్‌సి ఆపి నేర్చుకుంటాను. కరిలో మొదటి సెషన్లకు మాత్రం దాన్ని ఉంచుతాను. నా కారులో బటన్‌ను ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుందనీ, ఈఎస్‌సి ఆగాలంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలనీ మాన్యువల్‌లో ఇప్పుడే చూశాను. ఇలాంటి కారుతో ట్రాక్‌కు వెళ్లినవారు, నొక్కి పట్టుకున్నాక కూడా అది పూర్తిగా ఆగుతుందా, గట్టి బ్రేకు వేయగానే తిరిగి పనిచేస్తుందా అన్నది చెప్పగలరు.